కలివికోడి జాడ

కడప జిల్లాలోని లంకమల కొండల దిగువనున్న చిట్టడవిలో కలివికోడి యను పక్షి గలదు. శాస్త్రగ్రంథములలో దీని పేరు జెర్డన్ కోర్సర్. పొడవు 27 సెంటీమీటర్లు. కన్నులు పెద్దవి, రొమ్ముపై రెండు పట్టెలు. పగలెల్ల పొదల మాటున కదలక నిలిచి, చీకటి పడిన పిదప పురుగులను వెదకుచు నేలపై పరుగిడును. ఇట్లు కంటబడని ప్రాణిని గూర్చి మానవుడు ఏపాటి తెలిసికొనగలడు? ఈ ప్రశ్నకు నూట డెబ్బది యేండ్లకు పైబడిన చరిత్ర యున్నది.

చెన్నపురి సైన్యమున వైద్యుడై, నెల్లూరిలోను పనిచేసిన టి. సి. జెర్డన్ ఈ పక్షిని సంపాదించెను. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దీనికి శాస్త్రనామ మొసగెను. జెర్డన్ పక్షుల తెలుగు పేర్లను గూడ శ్రద్ధతో సేకరించినవాడు. అందులకు మనము ఆయనకు ఋణపడియున్నాము. కాని ఆనాటి పరిశోధనకు ముఖ్యసాధనము తుపాకియే. కొట్టి, తోలు తీసి, దూది కూరి, చీటీ కట్టి మ్యూజియమునకు పంపుటతో శాస్త్రము ముగిసెడిది. పక్షి యేమి తినునో, ఎచ్చట నివసించునో అడుగువారు అరుదు. 1900లో అనంతపురము సమీపమున నొకరు దీనిని చూచిరి. ఆపై జాడలేదు. ఈ జాతి నశించినదనియే పెక్కుమంది తలచిరి.

1986 జనవరిలో కథ మలుపు తిరిగెను. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ పల్లెపల్లెకు బొమ్మ పట్టుకొనిపోయి విచారింపగా, ఆ పక్షిని ఎరిగిన గ్రామస్థుడొకడు రాత్రివేళ టార్చిదీపము సాయమున దానిని ప్రాణముతోనే పట్టి తెచ్చెను. పండితులు గతించినదనుకొన్న పక్షి పల్లెవానికి పరిచితమే! అయితే చెరబడిన ఆ పక్షి ఎంతోకాలము బ్రతుకలేదు. తుపాకి లేకున్నను ఫలితము మారలేదని మాకు తోచును.

పట్టకుండ, కొట్టకుండ, చూడకుండ నెరుగు ఉపాయము వలయును. 2000 ప్రాంతమున పి. జగన్నాథన్ మొదలగు పరిశోధకులు అనుసరించిన పద్ధతి మనయింటి ముంగిట ముగ్గుపై కాకి అడుగులు గుర్తించుట వంటిదే. పొదల నడుమ మెత్తని మన్ను పట్టీలుగా పరచి, తెల్లవారిన పిదప వానిపై పడిన అడుగులను పరీక్షించిరి. కలివికోడికి ముందు మూడు వ్రేళ్లే; వెనుక వ్రేలు లేదు. అట్టి పాదములే గల పక్షులు మరికొన్ని యుండుటచే ప్రతి గుర్తును కొలిచి పోల్చవలసివచ్చెను. ఎదుట నేదేని కదలినంతనే తనంత ఫొటో తీయు కెమేరాలను గూడ అమర్చిరి. ఇట్లు తెలిసిన దేమనగా, ఈ పక్షికి కావలసినది మరీ దట్టము గాని, మరీ పలుచన గాని కాని పొదల నేల. పశువుల మేత, వంటచెరకు కొట్టుట మితిమీరిన నేల బోడియగును. బొత్తిగా మానిన పొదలు కమ్ముకొనును. అడవికి కంచె వేసినచో చాలునను వారు ఈ విషయము గమనింపదగును.

తరువాత కూత దొరకెను. ముసిమాపువేళ రెండేసి స్వరములుగా పలుకు ఆ కూతను రికార్డు చేసి, మరల వినిపించి, బదులు వచ్చునా యని చెవియొగ్గిరి. ధ్వనినే నమ్ముకొన్న మాబోంట్లకు ఇంతకంటె ప్రియమైన శాస్త్రపద్ధతి లేదు.

ఈ జ్ఞానము పుస్తకములకే పరిమితము కాలేదు. 2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఈ పక్షి నెలవును తాకెను. రాయలసీమకు నీరు ప్రాణము; ఆ మాట త్రోసివేయదగినది కాదు. అయినను ఏ పొదలలో పక్షి తిరుగునో ఆధారముతో చూపగలుగుటచే కాలువ దారి మార్చిరి. మన్నుపై పడిన అడుగులు లేకున్న, కాలువను కాదనుటకు ఎవరు ఏమి చూపియుందురు?

ఇక జన్యుశాస్త్రము చేసిన పని స్కాట్లాండులో జరిగెను. అబర్డీన్ విశ్వవిద్యాలయపు మ్యూజియములో ఒక గ్రుడ్డు కలివికోడిదను చీటీతో బయల్పడెను. 1917లో కోలారు ప్రాంతమున దొరకినదట. చీటీని నమ్ముటెట్లు? గ్రుడ్డునుండి తీసిన డి.ఎన్.ఏ.ను, జెర్డన్ తరమువారు దాచిన పాత చర్మముల కాలివ్రేళ్ల అడుగుభాగమునుండి తీసిన డి.ఎన్.ఏ.తో పోల్చిరి. రెండును సరిపోయెను. ఈ జాతి గ్రుడ్డు ఇదొక్కటే తెలియవచ్చినది. 1900 తరువాత గూడ, ఎవరి కంటను పడకయే ఈ పక్షి కోలారు చెంత గూడు పెట్టినదని తేలెను. నాడు నిందించిన తుపాకివారి సేకరణయే నేడు సాక్ష్యమైనది. చరిత్రలో ఇట్టి విడ్డూరములు లేకపోలేదు.

2009 తరువాత చాలయేండ్లు ధ్రువపడిన జాడ దొరకలేదు. పట్టీలపై అడుగు పడలేదు, కెమేరాకు నీడ చిక్కలేదు. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లోనే పక్షిప్రియులు కొందరు రాత్రివేళ ఆ రెండుస్వరముల కూతను విని, రికార్డు చేసిరి.