బహిరంగ ధూమపానం: చట్టం ఎక్కడ ఆపుతుంది, ఎక్కడ ఆపదు?

హోటల్లో చాయ్ తాగుతుంటే పక్క టేబుల్ ఆయన సిగరెట్ వెలిగిస్తాడు. మనం పిల్లల్ని తీసుకుని బయటికొచ్చేస్తాం. నిజానికి బయటికి వెళ్లాల్సింది ఆయన.

2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం (కోట్పా) 4వ సెక్షన్ బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది. 2008 అక్టోబర్ 2 నుంచి అమలైన నిబంధనల ప్రకారం ఆసుపత్రి, ఆఫీసు, హోటల్, సినిమా హాలు, రైల్వే స్టేషన్, బస్టాండ్ అన్నీ ఇందులోకే వస్తాయి. బీడీ అయినా అంతే. జరిమానా రూ.200 వరకు. ఈ మాత్రానికి ఎవరు భయపడతారో గానీ!

అసలు బాధ్యత యజమానిది. బోర్డు పెట్టాలి, యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు ఇవ్వకూడదు, ఫిర్యాదు ఎవరికి చేయాలో పేరు, ఫోన్ నంబర్ రాయాలి. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోకపోతే, ఎంతమంది తాగితే అన్ని జరిమానాలు ఆయన కట్టాలి. కనీసం 30 గదుల హోటల్, 30 సీట్ల రెస్టారెంట్, ఎయిర్‌పోర్టు మాత్రం విడిగా స్మోకింగ్ గది పెట్టుకోవచ్చు.

చిక్కంతా రోడ్డు దగ్గరే. స్టేడియం, బస్టాప్ లాంటివి నిబంధనల్లో చేరాయి గానీ మామూలు వీధి చేరలేదు. అందుకే పాన్ డబ్బా ముందు పొగ ఆగదు. స్కూలుకు 100 గజాల లోపల, 18 ఏళ్లలోపు వారికి అమ్మడం మాత్రం నేరం.

గంజాయి సంగతి వేరు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద ఇంట్లో తాగినా నేరమే. 6 నెలల వరకు జైలు, లేదా రూ.10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. పరువు పోతుందని కొడుకు అలవాటును దాచేవాళ్లు 64ఏ సెక్షన్ తెలుసుకోవాలి. అలవాటుపడిన వ్యక్తి తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు వస్తే, తాగినందుకు కేసు ఉండదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు.