పాత యిల్లు - సొంత మరమ్మతు

హైదరాబాదు నుండి నాగపూరు పోవు రహదారిపై నున్న రామాయంపేట వంటి మెదకు సీమ పట్టణములలోను, వాని చుట్టుపట్ల పల్లెలలోను తాతలనాటి యిండ్లు కొన్ని నేటికిని నిలిచియున్నవి. మందమైన మట్టిగోడలు, టేకు దర్వాజలు, గూనపెంకుల కప్పు, వీధివైపున అరుగులు - ఇది వాని స్వరూపము. అట్టి యింటికి వారసులైనవారు సెలవుదినములలో తామే తాపీ చేతబట్టి, ఒక సిమెంటు బస్తాయు, ఒక రంగుడబ్బాయు తెచ్చి, ఇంటిని బాగుచేసికొన పూనుకొనుచున్నారు. ఈ పూనిక మెచ్చదగినదే. అయితే గోడపై చేయి వేయుటకు ముందు ఆ గోడ చరిత్రను తెలిసికొనవలెనని మా మనవి. ఏలయన, మంచి తలంపుతో చేసిన మరమ్మతే పాత యింటికి చేటు తెచ్చుట కలదు.

సొంత చేతులతో ఇల్లు బాగుచేసికొనుట మనకు క్రొత్త వేడుక కాదు. పూర్వము మన పల్లెయిల్లు ఏటేట మరమ్మతు జరుగునన్న నమ్మకము మీదనే కట్టబడెడిది. గోడకు మన్ను సమీపమున దొరకెడిది. గూనపెంకు కుమ్మరి కాల్చి యిచ్చెడివాడు. దూలములు, వాసములు వడ్రంగి చెక్కెడివాడు. తక్కినదంతయు ఇంటివారి పనియే. మృగశిర కార్తె రాకముందే పెంకు దించి, పగిలినవానిని ఏరివేసి, కప్పును తిరుగ నేసెడివారు. వానలు వెలిసి, బతుకమ్మ, దసరా పండుగలు వచ్చుసరికి ఆడువారు గోడలకు ఎర్రమన్ను పూసి, నేలను పేడతో అలికి, సున్నముతోను జాజుతోను అంచులు తీర్చెడివారు. వాన దెబ్బకు పైపూత కరగును. పండుగకు క్రొత్తపూత పడును. లోని గోడ చెక్కు చెదరకుండును. పండుగ ముచ్చటగా మనము తలచునది నిజమునకు ఇంటికి ఏటేట జరుగు వైద్యము.

కలవారి లోగిళ్లలోను, గడీలలోను, గుళ్లలోను డంగు సున్నము వాడబడెడిది. దీనినే కొన్నిచోట్ల గానుగ సున్నమందురు. సున్నపురాతిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో కాల్చి, నీటితో చల్లార్చి, ఇసుక కలిపి, గుండ్రని రాతికాలువలో ఎడ్లు త్రిప్పు రాతిచక్రము క్రింద మెదిపెడివారు. కరక్కాయ నానబెట్టిన నీటిని, బెల్లపు నీటిని అందు చేర్చుటయు కలదు. ఇట్లు పూసిన సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా గ్రహించి, తిరిగి రాయిగా మారును. సన్నని పగుళ్లు ఏర్పడినను, వాననీటిలో కొంత సున్నము కరగి, ఆ సందులోనే పేరుకొని, వానిని పూడ్చుకొనగలదు. అన్నిటికంటె ముఖ్యమైన గుణమేమనగా, ఈ పూత గోడలోని చెమ్మను ఆవిరిగా వెలుపలికి పోనిచ్చును.

సిమెంటు కథ వేరు. జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను ఆంగ్లేయుడు 1824లో పోర్ట్‌లండు సిమెంటుకు పేటెంటు పొందెను. మన దేశమున పోరుబందరులో 1914లో సిమెంటు తయారీ ఆరంభమయ్యెను. నెలల తరబడి పట్టు పని దినములలో ముగియుచుండగా డంగులు మూలబడుటలో వింత లేదు. సిమెంటును మేము నిందించుట లేదు. ఆనకట్టలకు, వంతెనలకు, నేటి మేడలకు అది ప్రాణము. దానికిని మట్టిగోడకును పొత్తు కుదరదనుటయే మా అభిప్రాయము. మట్టిగోడ నేలనుండి చెమ్మను పీల్చును. పైపూత సిమెంటైనచో ఆ చెమ్మకు వెలుపలికి దారి చిక్కదు. అది గోడలోనే పైకి ప్రాకును. ఉప్పు పొంగి పూత పెచ్చులూడును, గోడలో దిగిన దూలముల కొనలు క్రుళ్లును, చెదకు విందగును. పైకి నున్నగా గట్టిగా కనబడు గోడ లోలోపల మెత్తబడుచుండును. అపాయమంతయు ఇందే కలదు.

ఈ సత్యమును పెద్ద కట్టడములే చాటుచున్నవి. గోలకొండ చెంత కుతుబ్‌షాహీ సమాధులలో 2013లో ఆరంభమైన పునరుద్ధరణలో, ఇరువదవ శతాబ్దమున పూసిన సిమెంటును తొలగించి, తిరిగి సున్నపు పూతనే వేసిరి. రామాయంపేటకు ఉత్తరమున, కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోటను దాని వారసులే పూనుకొని బాగుచేయించిరి. ఆ పనికి 2022లో యునెస్కో వారి ఆసియా పసిఫికు వారసత్వ పురస్కారము లభించెను. లండనులో 1877లో విలియం మారిస్ ప్రభృతులు స్థాపించిన ప్రాచీన కట్టడముల రక్షణ సంఘము కూడ, పాతదానిని క్రొత్తదిగా మార్చుట కంటె నిత్యము కనిపెట్టి కాపాడుటయే మేలని బోధించినది. కోటలకు పెట్టు ధనము మనకెక్కడిదని అడుగవచ్చును. మట్టిగోడకు మన్నే మందు. దానికి కోట ధనము అక్కరలేదు.

కావున పని వరుసను చెప్పెదము. మొదట కప్పు, కారుచున్న కప్పు క్రింద ఏ పూతయు నిలువదు. పిదప చూరునీరు గోడ మొదట నిలువక దూరముగా పోవునట్లు కాలువ తీయవలెను. ఆ తరువాత గోడ. వేలితో తట్టినప్పుడు డొల్లగా మ్రోగుచోట వదులైన పూతను మాత్రమే రాల్చి, మట్టిగోడకు మన్నుతోను, సున్నపు గోడకు సున్నముతోను అతుకు వేయవలెను. ఒకచోట కొంచెము పూసి, ఎండనిచ్చి, పగులదని తేలినపిదపనే తక్కిన పనికి పూనుకొనుట మంచిది. రంగు అన్నిటికంటె చివరిది. గాలిచొరని నూనెరంగు కంటె సున్నపు వెల్లయే మేలు.

సొంతచేతికి హద్దు కూడ కలదు. రాతిసున్నము నీరు తగిలిన తోడనే సలసల కాగును. కంటబడినచో చూపునకే ముప్పు. కనుక పిల్లలను దూరముంచి, కంటికి అద్దములు, చేతికి తొడుగులు ధరింపవలెను. ప్రక్కకు ఒరిగిన గోడను, కుంగిన దూలమును, పాత విద్యుత్తు తీగలను మాత్రము తెలిసిన పనివారికే అప్పగింపవలెను.

2025 ఆగస్టు చివరి వారమున మెదకు, కామారెడ్డి జిల్లాలలో కురిసిన కుంభవృష్టిని ఈ సీమవారు ఇంకను మరువలేదు. అట్టి వానకు తడిసి మెత్తబడిన గోడ క్రింద పరుండుట ప్రాణముతో చెలగాటమాడుటయే. పూర్వులు ఏటేట కప్పు నేసి, గోడ పూసినది అందమునకు మాత్రమే కాదు. ఆ గోడ చాటున నిదురించువారి క్షేమము కొరకు. సున్నము మెదుపుట తెలిసిన మేస్త్రీలు, పెంకు నేయుట నేర్చిన వృద్ధులు మన ఊళ్లలో నానాటికి అరుదగుచున్నారు. ఈ ఏడు మీ యింటి మరమ్మతుకు పూనుకొనువారు అట్టివారి నొకరిని పిలిచి, ప్రక్కన నిలిచి, ఆ పని నేర్చుకొందురు గాక.