పరికరముల ప్రయాణము

ఒక విద్యార్థి బృందము తాము నిర్మించిన రోబో యంత్రమును దూరపు నగరమున జరుగు పోటీకి తీసికొనిపోవుచున్నదనుకొందము. వారిది కోనసీమయందలి సఖినేటిపల్లి. రేవున పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరిని దాటి, నరసాపురమున రైలు పట్టుకొనవలెను. యంత్రమున్న పెట్టెను రేవున దింపుట, పంటుపై కెక్కించుట, ఆవలి యొడ్డున మరల దింపుట, స్టేషనుకు చేర్చి రైలులో నెక్కించుట: ఇంకను రైలు కదలకమునుపే ఆ పెట్టె ఎన్ని చేతులు మారినదో చూడుడు. నెలల తరబడి పడిన శ్రమయంతయు అందున్నది. పోటీ దినము మాత్రము ఎవరికొరకును ఆగదు.

సామాను కట్టుట చిన్న పనియని పలువురి తలంపు. ఆ తలంపు సరికాదని శాస్త్ర పరికరముల చరిత్రయే మనకు తెలుపుచున్నది. అందుండి రెండు ఘట్టములను శ్రోతల ముందుంచుచున్నాము.

మొదటిది భూమి కొలతకు సంబంధించినది. 1802లో విలియం లాంబ్టన్ అను సైనికోద్యోగి మదరాసు చేరువనున్న సెయింట్ థామస్ మౌంటు వద్ద ఆధార రేఖను కొలిచి, దక్షిణాపథమును త్రిభుజములుగా విభజించి కొలుచు మహాకార్యమునకు పూనుకొనెను. కోణములను కొలుచుటకు ఇంగ్లండునుండి తెప్పించిన థియొడొలైటు బరువు సుమారు అర టన్ను. దాని వలయము వ్యాసము మూడడుగులు. దానిని తెచ్చుచున్న ఓడను నడిసముద్రమున ఫ్రెంచివారు పట్టుకొని మారిషస్ దీవికి మరలించిరనియు, అది శాస్త్ర పరికరమని గ్రహించి పిమ్మట మదరాసుకు పంపించిరనియు సర్వే చరిత్రలో చెప్పుదురు.

సముద్రమున దాటిన గండము నేలపై దాటలేదు. 1808లో తంజావూరున ఆలయ గోపురముపైకి ఆ యంత్రమును త్రాళ్లతో ఎత్తుచుండగా, గోడకు తగులకుండ పట్టియుంచిన త్రాడు తెగి, అది గోడకు బలముగ కొట్టుకొనెను. వలయము వంకరపోయెను. అర్ధ టన్ను యంత్రమునంతను ఒక్క త్రాటి నమ్మకముపై ఉంచిన ఫలమది. మరియొక యంత్రము కావలెనన్న ఇంగ్లండునుండియే రావలెను.

లాంబ్టన్ నిరాశ చెందలేదు. సరియైన కొలతగల వలయాకారమును పలకపై గీయించి, మేకులు, మరలు, కప్పీల సాయమున వంకరపోయిన వలయమును కొంచెము కొంచెముగ లాగి యథాస్థితికి తెచ్చెను. వంగిన ఊచలను చిన్న కొయ్య సుత్తులతో మెల్లగ తట్టి సరిచేసెను. ఇందుకు ఆరు వారములు పట్టినది. ఆ తరువాత పెక్కేండ్లు ఆ యంత్రముతోనే కొలతలు సాగినవి. తరువాతి కాలమున సర్వే శాఖవారు పరికరముల మరమ్మతునకు ప్రత్యేకముగ నిపుణుని నియమించుకొనిరి. ఆర్కాటు ప్రాంతమునుండి వచ్చిన సయ్యద్ మీర్ మొహ్సిన్ హుస్సేన్ 1843లో ఆ పదవి నందుకొనెను. యంత్రముతోపాటు దానిని బాగుచేయు చేయియు వెంట నుండవలెనని ప్రభుత్వమునకు అనుభవమే నేర్పినది.

రెండవ ఘట్టము జరిగినది మన తెలుగునాటనే. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము. చీకటి నిలుచునది ఆరు నిమిషములకు లోపే. ఆ కొద్ది నిమిషములకై ఫ్రాన్సునుండి జాన్సెన్ దూరదర్శినిని, వర్ణపటదర్శినిని పెట్టెల కెత్తించి సముద్రము దాటించి గుంటూరు చేరెను. ఆంగ్ల ప్రభుత్వపు పక్షమున టెన్నంట్ బృందమును గుంటూరుననే మకాము వేసెను. మదరాసు వేధశాలాధిపతి పోగ్సన్ మచిలీపట్టణమునకు వచ్చెను. ఆ వేధశాలయందే పనిచేయుచుండిన చింతామణి రఘునాథాచార్యులు వనపర్తికి వెళ్లెను.

వీరిలో నెవరి పెట్టెలోనైన ఒక్క కటకము పగిలియున్నచో, ఒక్క మర జారిపోయియున్నచో, గ్రహణము మరునాటికి వాయిదా పడునా? అందుచేతనే వారు ముందుగా చేరి, పరికరములను నిలిపి, సరిచూచుకొని సిద్ధముగ నుండిరి. గ్రహణ సమయమున సూర్యబింబపు అంచున లేచిన జ్వాలల కాంతిరేఖలు మిక్కిలి ప్రకాశముగ నుండుట జాన్సెన్ గమనించి, గ్రహణము లేకయే వీనిని చూడవచ్చునని ఊహించెను. పరికరము బిగించి సిద్ధముగ నుండుటచేత మరునాడే ఆ ఊహను పరీక్షించి నెగ్గెను. ఆ వార్తను తెలుపు లేఖను సెప్టెంబరు 19న కాకినాడనుండి పారిసుకు వ్రాసెను. యంత్రమును పెట్టెకెత్తిన జాగ్రత్తకును, ఆ లేఖకును గల సంబంధము దగ్గరిది.

ఇక మన విద్యార్థుల మాట. యంత్రమును విప్పకమునుపే నలుదెసలనుండి ఛాయాచిత్రములు తీయవలెను. ప్రతి తీగెకు అంకె కట్టవలెను. విప్పిన మరలను చిన్న సంచిలో నుంచి, అవి ఏ భాగమునకు చెందినవో ఆ భాగమునకే కట్టవలెను. బరువైనవి అడుగునను, తేలికవి పైనను. ఖాళీ స్థలమున ఏదియు కదలరాదు. కోనసీమలో కొబ్బరిపీచునకు కొదువలేదు. కాని నలుసులు పళ్లచక్రములలో దూరకుండ ముందు గుడ్డ చుట్టవలెను. సామాను జాబితాను మూతలోపల అతికింపవలెను.

విమానమున పోవువారు మరి యొక సంగతి ఎరుగవలెను. విడి లిథియం బ్యాటరీలను, కొనలు తాకకుండ కప్పి, చేతి సంచిలోనే తీసికొనిపోవలెను, లగేజీలో వేయరాదు. వంద వాట్-గంటలకు మించినవానికి విమాన సంస్థ అనుమతి కావలెను. మరలు బిగించు పనిముట్లు మాత్రము లగేజీలోనే పోవలెను. ఈ రెండును తారుమారు చేసికొన్నవారికి తనిఖీ ద్వారమువద్దనే పోటీ ముగియును.

వీనియన్నిటికంటె ముఖ్యమైనది మరి యొకటి. బయలుదేరుటకు ముందు ఇంటివద్దనే ఒకమారు పెట్టె కట్టి, విప్పి, గడియారము చూచుచు యంత్రమును మరల బిగించి నడిపింపవలెను. ఆ పని ఒక్కరికి గాక బృందమున అందరికిని తెలిసియుండవలెను. ఆ ఒక్కడు జ్వరపడిన నాడు పెట్టెలోనిది యంత్రము కాదు, ఇనుప ముక్కలే. పగిలిన భాగమునకు బదులు మరియొకటి దొరకవచ్చును. బిగించు నేర్పు మాత్రము ఏ అంగటను దొరకదు. దానిని ముందుగనే చేతులకు నేర్పి వెంట తీసికొనిపోవలెను.