యాభై అయిదేళ్ళు దాటాక అడవి బాట



పోయిన నెల నైట్ డ్యూటీల తర్వాత రెండు రోజులు సెలవు దొరికితే, మా అమ్మాయి నన్ను వాంకూవర్ ఆర్ట్ గ్యాలరీకి లాక్కెళ్ళింది. పదమూడేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా, ఎమిలీ కార్ అంటే ఊళ్ళో ఉన్న ఆర్ట్ యూనివర్సిటీ పేరనే తెలుసు నాకు. ఆ మనిషెవరో ఎప్పుడూ ఆలోచించలేదు.

అక్కడ ఒక బొమ్మ ముందు ఆగిపోయాను. నరికేసిన అడవి. మధ్యలో ఒకే ఒక సన్నటి పొడుగాటి చెట్టు, చివర మాత్రం కాసిని కొమ్మలు, చుట్టూ అలల్లా కదిలే ఆకాశం. కలపకి పనికిరాదని వదిలేశారు, ఆకాశానికి మాత్రం ఇష్టమైంది అని దాని పేరుకి అర్థం. వేసింది 1935లో. అప్పటికి ఆవిడకి 63 ఏళ్ళు.

ఎమిలీ 1871లో విక్టోరియాలో పుట్టింది. మన బ్రిటిష్ కొలంబియా కెనడాలో కలిసింది కూడా ఆ ఏడాదే. ఇరవై ఏళ్ళు రాకముందే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. బొమ్మలు నేర్చుకోడానికి శాన్‌ఫ్రాన్సిస్కో, ఆ తర్వాత ఇంగ్లండ్ వెళ్ళింది. ఇంగ్లండ్‌లో జబ్బు పడి ఏడాదికి పైగా శానిటోరియంలో ఉంది. 1910లో ఫ్రాన్స్ వెళ్ళి ముదురు రంగులు ధైర్యంగా వాడడం నేర్చుకుని వచ్చింది. 1912లో పడవల్లో తీరం వెంట తిరిగి ఆదివాసీల ఊళ్ళనీ, చెక్కిన పెద్ద పెద్ద స్తంభాలనీ బొమ్మలేసింది. 1913లో వాంకూవర్‌లో దాదాపు 200 బొమ్మలు ప్రదర్శనకి పెట్టింది. ప్రభుత్వం కొనుక్కుంటుందని ఆశపడింది. కొనలేదు.

ఇక చేసేదేముంది? విక్టోరియాలో ఇల్లు కట్టి అద్దెలకిచ్చింది. అద్దె డబ్బుతో బతుకుతూ తీరిగ్గా బొమ్మలేసుకోవచ్చని ఆవిడ లెక్క. ఈలోపు మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, అద్దెలు పడిపోయాయి. పనివాళ్ళని పెట్టుకోలేక వంటా, ఊడ్చడం, చలికాలం బొగ్గు వెయ్యడం అన్నీ తనే చేసుకుంది. కుక్కపిల్లల్ని పెంచి అమ్మింది. మట్టి సామాన్లు చేసింది, తివాచీలు అల్లింది. అలా దాదాపు పదిహేనేళ్ళు కుంచె పట్టుకున్న రోజులు చాలా తక్కువ.

1927లో ఒట్టావాలోని నేషనల్ గ్యాలరీ వాళ్ళు ఆవిడ పాత బొమ్మలు చూసి ప్రదర్శనకి పిలిచారు. రైలెక్కి తూర్పుకి వెళ్ళింది. టొరంటోలో ‘గ్రూప్ ఆఫ్ సెవెన్’ చిత్రకారుల్ని కలిసింది. వాళ్ళలో లారెన్ హ్యారిస్ ఆవిడని తమలో ఒకరిగానే చూశాడు. ఇంటికి తిరిగొచ్చి మళ్ళీ కుంచె పట్టింది. మనం ఇప్పుడు చెప్పుకునే అడవులూ, సముద్ర తీరాలూ అన్నీ ఆ తర్వాత వేసినవే.

ఆవిడ కిటుకు ఒకటి నాకు భలే నచ్చింది. కాన్వాసు ఖరీదు, బరువు. అందుకని చవక మనీలా కాగితం మీద, ఆయిల్ పెయింట్‌లో పెట్రోల్ కలిపి వేసేది. రంగు పల్చబడి నీళ్ళ రంగులా పారుతుంది, త్వరగా ఆరుతుంది. చెయ్యి ఆపకుండా ఒక్క ఊపులో గాలినీ, కొమ్మల్నీ గీసెయ్యొచ్చు. 1933లో ఒక పాత కారవాన్ కొని, దానికి ‘ఏనుగు’ అని పేరు పెట్టింది. కుక్కల్నీ, పెంపుడు కోతినీ వెంటేసుకుని వేసవిలో అడవి పక్కన మకాం పెట్టేది. విక్టోరియాలో సముద్రం ఒడ్డు గట్ల మీద కూర్చుని వేసిన బొమ్మల్లో నేల కొంచెమే, మిగతా అంతా ఆకాశం.

ఆవిడ మీద ఒక విమర్శ ఉంది, అదీ చెప్పాలి. ఆదివాసీల సంస్కృతి అంతరించిపోతోందనుకుని ఆవిడ ఆ స్తంభాల బొమ్మలు వేసింది. నిజానికి వాళ్ళ పాట్‌లాచ్ వేడుకల్ని అప్పట్లో నిషేధించింది ప్రభుత్వమే. ఆ నిషేధం 1951 దాకా ఉంది. వాళ్ళు అంతరించిపోలేదు, ఇక్కడే ఉన్నారు. వాళ్ళ కథ వాళ్ళే చెప్పుకోవాలి అనే మాటలో న్యాయముంది.

1937లో గుండెపోటు వచ్చింది. అడవికి వెళ్ళడం తగ్గి, రాయడం ఎక్కువైంది. మొదటి పుస్తకం ‘క్లీ విక్’ 1941లో వచ్చి, గవర్నర్ జనరల్ అవార్డు తెచ్చుకుంది. 1945లో పోయింది. 2013లో ఆవిడ బొమ్మ ఒకటి వేలంలో 30 లక్షల డాలర్లు దాటింది.

గ్యాలరీ నుంచి వచ్చాక ఆ పదిహేనేళ్ళ సంగతే నన్ను వదల్లేదు. ఎప్పుడు మొదలుపెట్టినా ఆలస్యం కాదు అంటుంటాం కదా, ఆ మాట సగమే నిజం అనిపించింది. ఆ పోయిన ఏళ్ళు ఆవిడకి ఎవరూ తిరిగివ్వలేదు. తూర్పు నుంచి ఆ పిలుపు రాకపోతే ఏమయ్యేదో! మనింట్లో ఎవరైనా పాటో, కుట్టో, బొమ్మో పక్కన పెట్టేసి ఉంటే, ఆ పిలుపు మనమే పిలవొచ్చు. నన్ను మా అమ్మాయి పిలిచింది.

మొన్న ఆదివారం ఫెర్రీ ఎక్కి ఇద్దరం విక్టోరియాలో డల్లాస్ రోడ్ గట్టు మీదికి వెళ్ళాం. కాకినాడ నుంచి తెచ్చుకుని అలాగే ఉంచేసిన రంగుల డబ్బా తెరిస్తే సగం గడ్డకట్టి ఉన్నాయి. నేను వేసిన సముద్రం అంత బాగా రాలేదు. మీరెవరైనా వెళ్తే క్లిప్పులు పట్టుకెళ్ళండి, అక్కడి గాలికి కాగితం ఆగదు.