అవుట్‌ఫీల్డరు (బేస్‌బాల్)

బేస్‌బాల్ ఆటలో బేసుల చతురస్రమునకు ఆవలి మైదానమును కాపాడు ముగ్గురు ఆటగాళ్ళను అవుట్‌ఫీల్డర్లు అంటారు. బ్యాటరు నుండి చూచినపుడు ఎడమవైపున లెఫ్ట్ ఫీల్డరు, నడుమ సెంటర్ ఫీల్డరు, కుడివైపున రైట్ ఫీల్డరు ఉంటారు. క్రికెట్టులో బౌండరీ వద్ద నిలుచువారితో వీరిని పోల్చవచ్చును. అయితే క్రికెట్టులో క్యాచ్ పట్టగానే బంతి డెడ్ అవుతుంది. బేస్‌బాల్‌లో అది మూడవ అవుట్ కానిచో ఆట కొనసాగుతుంది. బేసుపై నున్న రన్నరు ముందుకు పరుగెత్తవచ్చును. కావున క్యాచ్‌తో అవుట్‌ఫీల్డరు పని ముగియదు.

ముఖ్య లక్షణములు

మొదటిది అంచనా. బంతి బ్యాటును తాకిన క్షణముననే అది ఎచట పడునో గ్రహించి తొలి అడుగు వేయవలెను. తలపై నుండి వెనుకకు పోవు బంతికి వెనుకడుగులు వేయక, తిరిగి పరుగెత్తవలెను. 1954 సెప్టెంబరు 29న వరల్డ్ సిరీస్ తొలి ఆటలో విల్లీ మేస్ ఇట్లే పరుగెత్తి విక్ వెర్ట్జ్ కొట్టిన బంతిని పట్టి, వెంటనే వెనుదిరిగి విసిరెను. 1983 ప్రపంచకప్ ఫైనల్లో కపిల్ దేవ్ రిచర్డ్స్‌ను అవుట్ చేసిన క్యాచ్ కూడ ఈ కోవకు చెందినదే.

రెండవది వేగము. విశాలమైన మధ్యభాగమును కాపాడవలసిన సెంటర్ ఫీల్డరుకు ఇది మిక్కిలి అవసరము. మూడవది విసురు. రైట్ ఫీల్డరు నుండి మూడవ బేసుకు దూరము ఎక్కువ గనుక అతనికి బలమైన చేయి కావలెను. రైట్ ఫీల్డరు రాబర్టో క్లెమెంటే ఇందుకు ప్రసిద్ధుడు.

పిలుపు

ఇద్దరి నడుమ లేచిన బంతి ప్రమాదకరము. 1999లో క్యాండీ టెస్టులో ఒకే క్యాచ్ కొరకు పరుగెత్తిన స్టీవ్ వా, జేసన్ గిలెస్పీ ఢీకొనగా వా ముక్కు, గిలెస్పీ కాలు విరిగినవి. అందువలన "నాది" అని బిగ్గరగా పిలువవలెను. బేస్‌బాల్‌లో సాధారణముగా సెంటర్ ఫీల్డరు పిలుపునకు ప్రాధాన్యము. అవుట్‌ఫీల్డరు పిలిచినచో, ఇన్‌ఫీల్డరు తప్పుకొనవలెను.

కొలమానము

తప్పుల లెక్క మాత్రమే చూచుట సరికాదు. మందగామి చేరలేని బంతి అతని తప్పుగా నమోదు కాదు. చురుకైనవాడు చేరి జారవిడిచినచో అది తప్పుగా నమోదు కావచ్చును. 2015 నుండి అమెరికా మేజర్ లీగ్ మైదానములలో స్టాట్‌కాస్ట్ సాంకేతికతతో పరుగును, బంతి గమనమును కొలుచుచున్నారు.

తెలుగునాట

అనంతపురం జిల్లా గార్లదిన్నె వంటి ప్రాంతములలో బేస్‌బాల్ కంటె క్రికెట్టే ఎక్కువ పరిచితము. అనంతపురంలోని ఆర్డీటీ మైదానములో 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ పోటీలు జరిగినవి. జిల్లాలో వార్షిక వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లే. గడ్డిలేని గట్టినేలపై దూకిన చర్మము గీసుకొనిపోవును. రాళ్ళు తగిలి బంతి దిశ మారును. అట్టి నేలపై దూకుటకంటె ముందుగా గ్రహించి బంతి వెనుకకు చేరుట, దానిని శరీరముతో అడ్డుకొనుట మేలు. ఈ అలవాటు రెండు ఆటలకును పనికివచ్చును.