నిల్వ లెక్క: చెరువుగట్టు నుండి కంప్యూటరు వరకు

నలుగురికి చెందిన నిల్వను కాపాడువాడు రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పగలిగి యుండవలెను. చేతనున్నది యెంత? ఇచ్చెదమని మాట యిచ్చినది యెంత? ధాన్యపు గాదెకైనను, ఊరి చెరువుకైనను, నేటి కంప్యూటరు నిల్వకైనను ఈ రెండే ప్రశ్నలు. ఈ లెక్క తీయు సాధనముల చరిత్రను క్లుప్తముగా చెప్పుట మా యుద్దేశము. తెలిసినదాని నుండి తెలియనిదానికి పోవుట సులభము గనుక నెల్లూరు తీరపు చెరువులతో ప్రారంభింతము.

నెల్లూరు సీమలో వాన నిలుకడ లేనిది. ఈశాన్య ఋతుపవనముల కాలమున, తుపానులతో కూడి, కొద్ది దినములలో కురిసిపోవును. ఆ నీటిని పట్టి యుంచుటకే పూర్వులు చెరువులు త్రవ్వించిరి. పై చెరువు నిండి కలుజు పారినచో ఆ నీరు క్రింది చెరువునకు చేరును. 1855లో నెల్లూరువద్ద పెన్నకు ఆనకట్ట ఏర్పడినది. 1880వ దశకములో ఎగువను సంగమువద్ద మరియొకటి కట్టిరి. అంతట ఏటి నీరును ఈ చెరువులకు తోడైనది.

చెరువులో నీరెంత యున్నదో తెలుపు సాధనము తూమువద్ద నిలిపిన కొలబద్ద. అది చెప్పునది నీటి మట్టమే గాని పరిమాణము కాదు. మట్టమునుండి పరిమాణమును తెలిసికొనుటకు వేరుగా పట్టిక కావలెను. అడుగున పూడిక పేరుకొన్నచో ఆ పట్టికయు అబద్ధమాడును. మద్రాసు ప్రభుత్వము 1883లో చెరువుల పునరుద్ధరణ పథకమును చేపట్టగా, ఒక్కొక్క చెరువునకు కట్ట, తూము, కలుజు, ఆయకట్టు వివరములతో ప్రత్యేక పత్రము సిద్ధమగుచు వచ్చినది. ఆయకట్టు నీటిని మించి పెరిగినచో మొదట ఎండునది కాలువ చివరి పొలము. నేడు 78 టి.ఎం.సి.ల సోమశిల, 68 టి.ఎం.సి.ల కండలేరు జలాశయముల మట్టములను రాష్ట్ర జలవనరుల సమాచార వ్యవస్థ ద్వారా ఇంటినుండియే చూడవచ్చును. అనగా చెరువు లెక్కయు కంప్యూటరులోనికే చేరినది.

మరి ఆ కంప్యూటరులోని నిల్వకు లెక్క యేది?

ఒకే యంత్రమును పలువురికి పలు యంత్రములుగా కనిపింపజేయు విద్యను వర్చువలైజేషన్ అందురు. అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున ఐ.బి.ఎం. సంస్థవారు రూపొందించిన సి.పి.-40 అను ఏర్పాటు 1967లో వాడుకలోనికి వచ్చినది. 1972లో అదే సంస్థ వి.ఎం./370ని ప్రకటించినది. పెద్ద డిస్కును చిన్న భాగములుగా గిరిగీసి, వాడుకరికొక భాగము నిచ్చుచుండిరి. దానికి మినీడిస్కు అని పేరు. ఎవరి భాగము వారిది. ఇచ్చిన మాటయు, చేతనున్న చోటును ఒక్కటే గనుక లెక్క సులభము.

తరువాత కాలము మారినది. 1998లో వి.ఎం.వేర్ సంస్థ పుట్టినది. 2007లో కె.వి.ఎం. అను వర్చువలైజేషన్ సాధనము లినక్సులో చేరినది. పెక్కు యంత్రములను కూర్చి క్లస్టరు అను గుంపుగా చేసి, అన్నిటికిని ఒకే ఉమ్మడి నిల్వను ఉంచుట పరిపాటి యైనది. అంతట పొదుపుకొరకు మరియొక పద్ధతి వ్యాపించినది. పది వర్చువల్ యంత్రములకు తలా 100 గిగాబైట్లు మాట యిచ్చి, వెనుక 500 మాత్రమే ఉంచవచ్చును. ఎవరు ఎంత వ్రాసినచో అంతయే ఖర్చు. అందరును ఒక్కసారిగా నింపరను నమ్మకముమీద ఇది నడచును. నీటిని మించిన ఆయకట్టు వంటిదే యిది. మాటయు నిల్వయు వేరైన ఈ దినమునుండియే లెక్క తీయు ఉపకరణము తప్పనిసరి యైనది.

2005లో మొదలైన లిబ్‌వర్ట్ అను ఉపకరణమును అడిగినచో నిల్వను గూర్చి మూడు అంకెలు చెప్పును: మొత్తమెంత, కేటాయించిన దెంత, మిగిలిన దెంత. చూచుటకు చిన్న పనియే. క్లస్టరులో మాత్రము మూడు చిక్కులు కలవు.

మొదటిది, ఒకే ఉమ్మడి నిల్వను మూడు యంత్రములును తమదిగా చెప్పును. మూడు సమాధానములను కూడినచో లేని నిల్వ ఉన్నట్లు తేలును. ఒకే చెరువును రెండూళ్ళవారు తమ లెక్కలో వ్రాసికొన్నట్లు! కావున మంచి ఉపకరణము ప్రతి నిల్వను దాని గుర్తునుబట్టి ఒక్కసారియే లెక్కించును.

రెండవది కొలత. నెల్లూరిలో పుట్టి యనగా 850 కిలోలు. వేరు సీమలలో వేరు. అట్లే టెరాబైట్ అనగా డిస్కు అమ్మువారికి లక్ష కోట్ల బైట్లు. కొన్ని ఉపకరణములు అదే పేరుతో సుమారు 1,09,951 కోట్ల బైట్లను కొలుచును. ఈ పెద్ద కొలతకు 1998లో టెబిబైట్ అను వేరు పేరు నిర్ణయమైనను తికమక పూర్తిగా తొలగలేదు.

మూడవది ప్రతులు. ఒక డిస్కు చెడినను సమాచారము నిలుచుటకు ఒకే వ్రాతను పలుచోట్ల దాచుదురు. 2006లో పరిశోధన పత్రముగా వెలువడిన సెఫ్ అను నిల్వ వ్యవస్థలో మామూలుగా మూడు ప్రతులు. 30 టెరాబైట్ల డిస్కులు కొన్నను వాడుకకు దక్కునది పదియే. వాడుకరి వ్రాసినది యెంతయో, ప్రతులతో కలిపి ఆక్రమించినది యెంతయో దాని పట్టిక వేరు వేరుగా చూపును.

ఈ సెఫ్‌లోనే మామూలు అమరికలో, డిస్కు 85 శాతము నిండగానే హెచ్చరిక వచ్చును. ఏదేని యొక డిస్కు 95 శాతమునకు చేరినచో వ్రాతలు ఆగిపోవును. చెరువు నిండినచో కలుజు పారును. ఇచట కలుజు లేదు. ఎక్కువ వ్రాసిన యంత్రమొక్కటియే గాక, ఆ నిల్వను పంచుకొన్న యంత్రము లన్నియు ఒక్కసారిగా చిక్కుపడును. కావున ఒకనాటి అంకె చాలదు. క్రిందటి నెల 50 శాతము, నేడు 60 శాతము అయినచో, అదే వేగమున రెండున్నర నెలలలో 85 శాతమునకు చేరునని ముందే తెలియవలెను. దినదినము అంకెను తీసి దాచుటయే ఈ ఉపకరణము చేయు మేలు.

ఆంధ్రప్రదేశమున 1998లో కార్డ్ అను పేర రిజిస్ట్రేషను కార్యాలయములలో కంప్యూటర్లు ప్రవేశించినవి. అప్పటినుండి దస్తావేజులు, భూమి లెక్కలు, వాతావరణ సూచనలు క్రమముగా ఈ యంత్రముల నాశ్రయించినవి. తుపాను సూచనకై ఎదురుచూచు తీరపు కుటుంబమునకు క్లస్టరు అను మాట తెలియనక్కరలేదు. కాని ఎక్కడనో నిల్వ నిండి యంత్ర మాగినచో నష్టము వారిదే, నీరందని చివరి పొలము రైతువలె. ఆ రైతు చెరువులోని నీటి లెక్కను అడుగుటకు ఎట్లు హక్కు గలవాడో, ప్రజల వ్రాతలను దాచు కార్యాలయమును గూడ నిల్వ లెక్క అడుగుటకు ప్రజలకు అట్టి హక్కే కలదని మా తలంపు.