పురుడెవరు పోస్తారు?

టెక్సాస్‌లో మా చెల్లెలు నీళ్ళోసుకుందనగానే అమ్మ కాయం దంచడానికి కూచుంది. కాన్పయిన ఆరు వారాలకే ఆఫీసుకి పోవాలిట! ఇంకో ఆరు వారాలుండొచ్చుట గానీ జీతం రాదట. మరి పిల్లనెవరు చూస్తారూ?

స్టాక్‌హోమ్‌లో మా పిన్ని కొడుకేమో, జీతంలో చాలాభాగం చేతికొస్తూండగానే ఆరు నెలలు ఇంట్లో కూచుని కూతురికి లాలపోశాడు. "మగాడే!" అని అమ్మ బుగ్గలు నొక్కుకుంది.

ఆయా జాతుల స్వభావమే అంత అనుకునేదాన్ని. చరిత్ర తిరగేస్తే సంగతి వేరు. 1971లో అమెరికా కాంగ్రెసు ఉభయసభలూ దేశమంతటా శిశుసంరక్షణ కేంద్రాలు పెట్టాలని బిల్లు ప్యాసు చేశాయి. కుటుంబవ్యవస్థ దెబ్బతింటుందని అధ్యక్షుడు నిక్సన్ వీటో చేశాడు. మూడేళ్ళకి, 1974లో, స్వీడన్ తల్లికే కాక తండ్రికీ చెందేలా ఆరు నెలల సెలవు, భృతితో సహా ఇచ్చింది. అదంతా దయాదాక్షిణ్యమేం కాదు లెండి. అప్పటికి కొన్నేళ్ళుగా ఫ్యాక్టరీలకి మనుషులు చాలక, ఆడవాళ్ళు కావలసి వచ్చారు! ఇప్పుడా సెలవు ఇద్దరికీ కలిపి 480 రోజులు. అమెరికాలో 1993లో చట్టమైతే వచ్చింది. 12 వారాలు, అదీ జీతం లేకుండా. 50 మందికి తక్కువున్న కంపెనీలకి అదీ వర్తించదు.

ఇల్లూ కారూ చూస్తే చెల్లెలే కలిగింది. తమ్ముడు పన్నులు కట్టలేక సణుగుతూంటాడు, నిజమే.

నిక్సన్ కోరినట్టే చెల్లెలి పిల్లని కుటుంబమే చూసుకుంటోంది. అమ్మ ఆరు నెలలుండి వచ్చింది, ఇప్పుడు వియ్యపురాలి వంతు. ఆ ఆరు నెలలూ ఇక్కడ నాన్నకి మెస్సు కారియరే గతయింది.